డిస్కు దాకా రాని మెట్రో

అమ్మమ్మ పరాస్కా తన పెళ్లికి ముందు సంగతి చెబుతానంది. అదీ ఒక్కసారే. ఎనభై నాలుగేళ్లు వచ్చినా ఎవరి దగ్గరా నోరు విప్పని మనిషి చెబుతుంటే, టైపు చేయడం నా వంతు.

మా పాత కంప్యూటర్ సేవ్ నొక్కితే ఆవు నెమరేసినట్టు కూర్చునేది. అమ్మమ్మకి ఆగడం చేతకాదు. అందుకని మా బావ ట్రెంట్ సెట్టింగుల్లో దూరి రెండు టిక్కులు పెట్టాడు.

"ఇక పరుగే. రాసింది ముందు మెమరీలో పెట్టుకుంటుంది, తీరిక దొరికినప్పుడు డిస్కులో వేస్తుంది. నీకు మాత్రం అయిపోయిందని వెంటనే చెప్పేస్తుంది."

"అవకుండానే అయిందంటుందా? అచ్చం నీలాగే," అన్నాను.

"కరెంటు పోనంతవరకూ అదే నిజం, లేస్యా."

"ఇక్కడేదో హెచ్చరిక ఉంది."

"అది అందరినీ అలాగే బెదిరిస్తుందిలే."

ఆ మధ్యాహ్నం టీకి కరెంటు కెటిల్ పెట్టి, అమ్మమ్మ మొదలుపెట్టింది. డాఫిన్ ఊరి హాల్లో అకార్డియన్ వాయించే మెట్రో అనే కుర్రాడు, తను అతనితో వెళ్లిపోకుండా వాళ్లమ్మ తన బూట్లు దాచేయడం, తను వసంతం దాకా ఏడవడం. నాకూ ఏడుపొచ్చింది. మధ్యమధ్య సేవ్ నొక్కాను. క్షణంలో అయిందనేది.

అప్పుడే తాతయ్య బజారు నుంచి వచ్చాడు. బయట మైనస్ ముప్పై అయిదు. ఇంజను గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచే హీటరు కోసం ట్రక్కు తీగని ఎప్పట్లాగే వంటింటి బయటి గోడ ప్లగ్గులో పెట్టాడు. లోపల రెండోసారి టీకి కెటిల్ ఉడుకుతోంది. రెండింటి బరువుకీ ఫ్యూజు ఎగిరిపోయింది, కంప్యూటర్ ఆరిపోయింది.

కరెంటు వచ్చాక ఫైలు తెరిస్తే వరసగా ఖాళీ గళ్లే. ట్రెంట్ తల గోక్కున్నాడు. "పాపం, డిస్కు దాకా రాలేదు."

"నువ్వు కూడా ఇంటి దాకా రాకుండా ఉండాల్సింది," అన్నాను. ఒళ్లు మండిపోయింది.

మళ్లీ చెప్పమని అమ్మమ్మని బతిమాలాను. తాతయ్య మీసాల మీద మంచు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అమ్మమ్మ ఆయన్ని కాసేపు చూసి, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అకార్డియన్ తాతయ్య చేతిలో ఉంది.

"నాకు వాయించడం రాదు కదే," అన్నాడాయన.

"నీకు మతిమరుపు." అమ్మమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు రాయవే."

రాశాను. ట్రెంట్ టిక్కులు తీసేశాడు కాబట్టి సేవ్ అవడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం ట్రక్కు తీగ చుట్టడానికి తాతయ్యకి సాయం వెళ్లాను. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు: "మెట్రో చాలా బాగా వాయించేవాడు. అది మాత్రం రాయకు."