గాలి పట్టిన బండి

మంగళ, గురు, శనివారాల్లో వేకువన ఢిల్లీబాబు పనులకు ఒక క్రమం ఉండేది. మగ్గాల నుంచి వచ్చిన లుంగీల మూటలను పికప్ బండికి ఎత్తడం, భార్య భువనేశ్వరిని ముందు సీట్లో కూర్చోబెట్టి నడుము వెనుక దిండు సర్దడం, తాళంచెవి తిప్పడం. నగరి నుంచి తిరుపతి వెళ్లి ఆమెను డయాలసిస్‌కు అప్పగించి, ఆ నాలుగు గంటల్లో మూటలు దించి వచ్చేవాడు. మూత్రపిండాలతోపాటు గుండె కూడా అలసిన ఆమెకు వైద్యులు చూపగలిగిన దారి అదొక్కటే.

పదహారేళ్ల ఆ డీజిల్ బండి కొన్ని ఉదయాలు మొదటి తిప్పుకే లేచేది. కొన్ని ఉదయాలు సెల్ఫు గిరగిరా తిరిగేదే తప్ప ఇంజను అందుకునేది కాదు. వేరే వాహనం దొరికి ఆస్పత్రి చేరేసరికి ఆమె పడక మరొకరికి వెళ్లిపోయేది. ఆ నెలలో అలా రెండుసార్లు జరిగింది. మూడోసారి జరిగితే ప్రాణానికి పూచీ లేదన్నారు.

తానొక్కడే మెకానిక్ రాజారత్నం షెడ్డుకు తీసుకుపోతే మాత్రం బండికి ఎక్కడలేని వినయం వచ్చేది.

"కొత్తల్లుడి మాదిరి ఎంత మర్యాదగా ఉండాదో సూడప్పా. నన్నేం చేయమంటావు?"

"నీ ముందర నటిస్తా ఉండాదన్నా. ఇంటికాడికి రా, దాని గుణం తెలుస్తాది."

బ్యాటరీ మారింది, హీటర్ ప్లగ్గులు మారాయి, ఫిల్టర్ మారింది. చివరకు ఒక గురువారం తెల్లవారగానే రాజారత్నం వాళ్ల ఇంటికే వచ్చి, డీజిల్ పైపులో జానెడు ముక్క తీసి, ఆ చోట లోపలిది కనిపించే ప్లాస్టిక్ గొట్టం బిగించాడు. భువనేశ్వరి అప్పటికే సీట్లో కూర్చుని ఉంది. తాళం తిప్పగానే గొట్టంలో బుడగలు వరుస కట్టాయి.

"గాలి పట్టిందప్పా," అన్నాడు.

గుమ్మంలో ఉన్న ఢిల్లీబాబు తల్లి చౌడేశ్వరమ్మ చెవిన ఆ మాట పడింది. "నేనప్పుడే అనుకుంటి! ఏ మలుపు కాడ పట్టిందో ఏమో," అంటూ నిమ్మకాయ తెచ్చింది.

"ఆ గాలి కాదు పెద్దమ్మా, డీజిల్లో గాలి."

"గాలిలో నీ గాలి, నా గాలి ఏందిరా!"

ఆమె నిమ్మకాయ తిప్పి పారేసింది. అతడు వాషర్లన్నీ మార్చి ప్రతి అతుకునూ బిగించాడు. బుడగలు ఆగలేదు. రాజారత్నం గాలి వదిలే మర సడలించి చెవి ఆనించాడు. పగిలే ప్రతి బుడగలోంచి ఒక ఆడమనిషి దీర్ఘమైన నిట్టూర్పు వెలువడింది.

"లీకు కాదప్పా, నీ ఇంటామె నిట్టూర్పు. వాషరైతే మారుస్తా. దీనికి నా కాడ స్పేరు లేదు," అని సీట్లోని భువనేశ్వరి వైపు చూసి, మర బిగించి, చేతులు తుడుచుకుని పక్కకు జరిగాడు.

ఢిల్లీబాబు కిటికీ దగ్గరికి వెళ్లాడు. "భువనా, మనసులో ఏముండాది?"

"ఏముండాది మామా? ఏం లేదు."

గొట్టంలో బుడగ కదిలింది.

"సూడు, వచ్చె."

"ఇన్నేండ్లు నా మొగం సూడనోడివి, ఇప్పుడు గొట్టం సూసి అడగతా ఉండావా?" అన్నది. తర్వాత తన మోచేతి కట్టు వైపు చూసింది. "నాకొద్దు మామా. ఆ సూదులు, ఆ సలి. నువ్వు తట్టుకోలేవని వస్తా ఉండాను."

ఆ మాటతో గొట్టం తేటపడింది. ఢిల్లీబాబు బండెక్కి తిప్పిన తాళం సగం తిరిగేలోపే ఇంజను అందుకుంది.

అతడు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. బండి అంత సిద్ధంగా ఎన్నడూ లేదు. ఏ దిక్కుకు తిప్పాలో అతనికి తెలియలేదు.

"యాడికి పోదాం?"

"ఈ పొద్దుకు తిరుపతికే పా. ఇంకమీద నన్నడిగి బండి తియ్యి."

ఆ తర్వాత బండి ఒక్కనాడూ మొరాయించలేదు. ప్రతిసారీ ఇంజను ఆడుతుండగా బానెట్ ఎత్తి పెట్టి అతడు అడిగేవాడు, ఆమె పోదామనేది. ఏడో వారం, శనివారం, వద్దన్నది.

అది అబద్ధమైతే ఒక్క బుడగైనా రాకపోతుందా అని ఢిల్లీబాబు గొట్టం మీద చూపు నిలిపి నిలబడ్డాడు. డీజిల్ తేటగా పారుతూనే ఉంది.

"ఇంజను ఆపు మామా," అన్నది భువనేశ్వరి మెల్లగా. "ఊరికే కాలిపోతా ఉండాది."

అతడు ఆపాడు.