గుప్పెడమ్మ బొంత

నా సూది కనపడటం లేదని చెప్పగానే ముగ్గురూ నవ్వారు. వాళ్ల తప్పేం లేదు. మా కుట్టు గదిలో అంతకుముందు సూది మాయమైన ప్రతిసారీ అది నా చొక్కా కాలరు వెనకే దొరికింది మరి.

"అన్నయ్యా, ఇవాళొద్దు," అంది మా చెల్లెలు తలెత్తకుండానే. "సాయంత్రానికి పిల్ల ఇంటికొస్తోంది. నీ వేషాలు రేపు వెయ్యి, నేనే చప్పట్లు కొడతా."

"వేషం కాదే తల్లీ. నిజంగానే లేదు."

"కాలరు తిప్పండి చూద్దాం," అన్నారు మాస్టారు.

తిప్పాను. లేదు. జేబులు బయటికి లాగి చూపించాను. వాటిలోంచి ఒక వేరుశెనక్కాయ, రెండు బొత్తాలు రాలాయి.

"నోరు తెరవండి అన్నగారూ, అక్కడ దాచారేమో," అంది నర్సమ్మ. మళ్లీ నవ్వులు.

అది మా చెల్లెలి ఇంటి ముందు గది. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద బొంత, చుట్టూ మేం నలుగురం. ఆసుపత్రి ఉద్యోగం అయిపోయాక చేతులు ఊరుకోక నర్సమ్మ క్రోషియా పట్టింది. బళ్లో లెక్కలు చెప్పిన మాస్టారికి ఊలు అల్లిక తప్ప ఇంకేం రాదు, అందులోనూ మఫ్లర్లు తప్ప ఇంకేం రావు. కుట్టులో మా చెల్లెలే అందరికీ పెద్ద; మాస్టారి చేత సూది పట్టించింది కూడా తనే. నేను బస్సు నడపడం మానేశాక, వీళ్లని ఏడిపిద్దామని వచ్చి కూర్చున్నవాణ్ని. రెండు కుట్లు వేసి చూద్దామనుకున్నాను. వేశాక లేవబుద్ధి కాలేదు. స్టీరింగు పట్టుకున్న చేతికి సూది ఇంత బాగా నప్పుతుందని ఎవరనుకున్నారు?

చెల్లెలి దగ్గర ఒకే ఒక చట్టం. బల్ల మధ్యలో గుమ్మడికాయ ఆకారంలో ఒక మెత్త ఉంటుంది. సూది చేతిలో ఉండాలి, లేకపోతే ఆ మెత్తలో ఉండాలి. మూడో చోటు లేదు. ఎవరి సూదికి వాళ్ల రంగు దారం: చెల్లెలిది ఎరుపు, నర్సమ్మది తెలుపు, మాస్టారిది నీలం, నాది ఆకుపచ్చ. మెత్త మీద నాలుగు తోకలూ కనపడితే గానీ ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు. తోకల చట్టాన్ని నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. "ఏమే, గుమ్మడికాయా, గాడిదా ఇది?" అనేవాణ్ని.

ఇప్పుడు గుమ్మడికాయ మీద మూడు తోకలే ఉన్నాయి.

బొంత ఎవరికో చెప్పలేదు కదూ. మా మేనకోడలికి, అంటే ఈ చెల్లెలి కూతురికి, నెలలు నిండకుండానే కూతురు పుట్టింది. గుప్పెడంత ఉందని నేనే గుప్పెడమ్మ అని పేరు పెట్టాను. పుట్టిన దగ్గర్నుంచీ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోనే. తల్లి కూడా అద్దానికున్న కంతలోంచి చెయ్యి దూర్చి ఒక్క వేలితో తాకాల్సిందే. చర్మం ఉల్లిపొరలా ఉందట, గరుకుది ఏదీ తగలకూడదన్నారట. అందుకని అందరి ఇళ్లలోంచీ ఉతికి ఉతికి వెన్నలా అయిన పాత చొక్కాలూ దుప్పట్లూ గౌన్లూ ఏరి, ముక్కలు కోసి, రెండు పొరల మధ్య దూది పరిచి బొంత కుట్టాం. నర్సమ్మ చుట్టూ క్రోషియా అంచు అల్లింది. మాస్టారు టోపీ అల్లుతానని మొదలుపెట్టి, అలవాటు కొద్దీ బుల్లి మఫ్లరు చేశారు.

"ఒట్టు," అన్నాను. "నా సూది పోయింది."

"పొద్దున కూడా ఒట్టే పెట్టావు, నా టీలో ఉప్పు వెయ్యలేదని," అంది చెల్లెలు.

అప్పటికి నాకు గుర్తొచ్చింది. మూల ముక్కల మీద ఆఖరి వరస కుడుతుంటే దారం అయిపోవచ్చింది. ముడేసి కత్తిరించాను. అంతలో నర్సమ్మ "అన్నగారూ, ఈ ఊలు చుట్ట కాస్త పట్టుకోండి" అంది. చేతిలో సూదిని మెత్త దాకా తీసుకెళ్లడం ఎందుకులే అని అక్కడే బొంతలో గుచ్చాను. మూడో చోట. ఆ తర్వాత బొంతని తిప్పారు, మడిచారు, ముడతలు పోవాలని మాస్టారు పీట వేసి ఎక్కి కూర్చున్నారు కూడా. అలా కూర్చోమన్నది నేనే.

ఇంకేం చెప్పినా నమ్మరు. బ్లేడు తీసుకుని నేను కుట్టిన మూల దగ్గరికెళ్లి, నా వరస మొత్తం పరపరా కోసేశాను.

నవ్వులు ఆగిపోయాయి. ఆ వరస చూసి మురిసిపోయి, వీధిలో పోయేవాళ్లని కూడా పిలిచి చూపించినవాణ్ని నేను. నా కుట్టు మీద నేనే బ్లేడు పెడతానని వాళ్లు కలలో కూడా అనుకోలేదు.

"అన్నయ్యా!" చెల్లెలి మొహం పాలిపోయింది. "నిజమా?"

"నిజమే."

"ఎక్కడ గుచ్చావు?"

"ఇక్కడే. ఈ చుట్టుపక్కలే. తిప్పాక ఎటుపోయిందో."

నర్సమ్మ చప్పున లేచి బల్ల మీద ఉన్నవన్నీ పక్కకి తోసింది. మాస్టారు నేల మీద పాకడం మొదలుపెట్టారు. చెల్లెలు కళ్లు మూసుకుని అరచేత్తో బొంతని అంగుళం అంగుళం నొక్కుతోంది. గుచ్చుకుంటే బాగుండునని కోరుకుంటూ సూది కోసం వెతకడం నేనెప్పుడూ చూడలేదు. గుచ్చుకోలేదు.

పక్క కొట్లో రేడియోలు బాగుచేసే మెకానిక్ దగ్గరికి పరిగెత్తాను. పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి అడిగాను.

"ఈసారి ఎవరి తాళంచెవులు కొట్టేస్తావు మావా?" అన్నాడు.

"ఇవ్వరా బాబూ, దండం పెడతా."

నా మొహం చూసి మారుమాట లేకుండా ఇచ్చాడు.

అయస్కాంతాన్ని బొంత మీద మెల్లగా జరిపాను. మూల దగ్గర ఏం లేదు. దాని పక్క ముక్కలో ఏం లేదు. మడత పెట్టిన గీత దగ్గరికొచ్చేసరికి గుడ్డ కింద ఏదో టిక్కుమని తగిలింది. చెల్లెలు నాలుగు కుట్లు కోసి, దూదిలో వేలు పెట్టి బయటికి లాగింది.

ఆకుపచ్చ దారపు పీలిక. దాని చివర సూది. సగం సూది.

"కన్ను వైపుది," అంది నర్సమ్మ నెమ్మదిగా. "మొన ఏది?"

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "నేను కూర్చున్నప్పుడే విరిగింది. నా బరువుకే."

"మీ బరువేముంది మాస్టారూ, మఫ్లరంత," అన్నాను. నవ్విద్దామనే.

గడియారం వైపు ఎవరం చూడలేదు కానీ అందరికీ వినపడుతూనే ఉంది. ఆసుపత్రి నుంచి బయల్దేరామని అల్లుడు ఫోను చేశాడు. చెల్లెలు "ఆ, ఆ, అంతా సిద్ధం" అని పెట్టేసి, బ్లేడుతో ఆ మూల మొత్తం విప్పేసింది. దూదిని పోగు పోగుగా విడదీశాం. అయస్కాంతం ఇంకోసారి. ఇంకోసారి. అప్పుడు మాస్టారు "అదిగో!" అని అరిచారు. అయస్కాంతం అంచుకి వెంట్రుకంత మొన నిటారుగా నిలబడి ఉంది.

నర్సమ్మ దాన్ని సీసా మూతలో వేసింది. చెల్లెలు ఏడ్చి, నవ్వి, నా వీపు మీద ఒక్కటిచ్చింది. "చంపేశావు కదరా అన్నయ్యా!" ముగ్గురూ సూదుల్లో దారం ఎక్కించి మూల మూసెయ్యడం మొదలుపెట్టారు. అంత వేగంగా కుట్టడం నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం సూది ఇవ్వలేదు.

చేతులు ఖాళీగా ఉంటే నాకు పురుగు తొలుస్తుంది. సీసా మూతలోంచి రెండు ముక్కలూ తీసి బల్ల మీద పక్కపక్కన పేర్చాను. పక్కనే, నా సూది వచ్చిన పొట్లంలోంచే ఒక కొత్త సూది తీసి పెట్టాను.

సరిపోలేదు.

గుడ్డ మీద పెట్టి మళ్లీ పేర్చాను. నువ్వుగింజంత తక్కువ. మోచేతులు బల్లకి ఆనించి ఇంకోసారి చూశాను. కన్ను ముక్క చివర ఏటవాలుగా విరిగింది. మొన ముక్క చివర అడ్డంగా విరిగింది. రెండూ ఒకదాన్నొకటి ఒప్పుకోవడం లేదు. మధ్యలో ఇంకో ముక్క ఉండాలి.

తలెత్తి చూశాను. చెల్లెలు ఏదో కూనిరాగం తీస్తోంది. చాలా రోజులైంది అది విని. నర్సమ్మ అంచు సరిచేస్తోంది. ఇప్పుడు నేను "ఇంకో ముక్క ఉంది" అంటే ఏమంటారు? ఇంకా తనివి తీరలేదా అంటారు. ఊరుకుంటే? నేల మీద పడి ఉండొచ్చు. ఊడ్చిన చెత్తలో పోయి ఉండొచ్చు. ఉండొచ్చు, ఉండొచ్చు అని నాలో నేనే అనుకుంటుండగా వీధిలో కారు హారను మోగింది.

మా మేనకోడలు లోపలికొచ్చింది. మనిషి సగమైపోయింది. దాని భుజం మీద ఆసుపత్రి తువ్వాలు, తువ్వాల్లో గుప్పెడమ్మ. ముక్కు మాత్రం కనపడుతోంది, కందిగింజంత. వెనక అల్లుడు సంచులు మోసుకుంటూ వచ్చాడు. ఎవరూ దగ్గరికి పోలేదు. ముట్టుకోవాలంటే మోచేతుల దాకా కడుక్కోవాలని అందరికీ తెలుసు.

మేనకోడలు బొంతని చూసి నిలబడిపోయింది. "అమ్మా, ఇది నా ఇస్కూలు గౌను కదూ? ఇదేంటి, మావయ్య గళ్ల చొక్కా!" అని నవ్వింది. ఆ నవ్వు కోసమే కదా ఇన్నాళ్లూ మేం వేళ్లు కాయలు కాసేలా కుట్టింది.

"పడుకోబెట్టు తల్లీ, చేతులు లాగుతుంటాయి," అని చెల్లెలు మంచం మీద బొంత పరిచింది.

మేనకోడలు వంగింది. తువ్వాలు విప్పుతోంది.

"ఆగు," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. మేనకోడలి మొహంలో నవ్వు సిద్ధంగా ఉంది, నేను ఏదో జోకు వేస్తానని. దానికి చిన్నప్పుడు నేను చెయ్యని అల్లరి లేదు.

అరచెయ్యి చాపాను. రెండు ముక్కలు, ఒక కొత్త సూది. జరిగిందంతా చెప్పాను. "ఇవి కలవడం లేదమ్మా. మధ్యలో ఇంకో ముక్క ఉంది."

"అన్నయ్యా!" చెల్లెలు అరిచినంత పని చేసింది. "గింజంత ముక్క! నేల మీద పోయుంటుంది. ఊడ్చేశాం కదా."

"అయస్కాంతం అన్నిసార్లు తిప్పాం," అన్నారు మాస్టారు.

నర్సమ్మ మాత్రం నా చేతిలోంచి ముక్కలు తీసుకుని వెలుతురులోకి పెట్టి చూసింది.

మేనకోడలు నా దగ్గరికొచ్చింది. "మావయ్యా, ఆటా ఇది?"

"కాదమ్మా."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

చూశాను. అబద్ధమాడేటప్పుడు నా మూతి నా మాట వినదు, అది దానికి తెలుసు. చాలాసేపు చూసింది. నేను కూడా రెప్ప వెయ్యకుండా చూశాను. కళ్లు మండాయి. మూతి కదల్లేదు.

తువ్వాలు మళ్లీ చుట్టేసి పిల్లని భుజానికెత్తుకుంది. "తీసెయ్యమ్మా బొంత."

చెల్లెలు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. బొంతని ఒళ్లోకి లాక్కుని, నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి రాయలేను. తర్వాత బ్లేడు తీసి, మూల నుంచి కాదు, నడిమి నుంచి మొదలుపెట్టింది. తను అందరికంటే ముందు కుట్టిన పువ్వు దగ్గర్నుంచి. నర్సమ్మ తన క్రోషియా అంచు కొస పట్టుకుని లాగింది. అల్లినన్నాళ్లు పట్టదు విప్పడానికి, జరజరా వచ్చేసింది. నేనూ బ్లేడు కోసం చెయ్యి చాపాను.

"నువ్వొద్దు," అంది మేనకోడలు. "నువ్వెళ్లి చేతులు కడుక్కో. మోచేతుల దాకా."

"ఎందుకు?"

"పక్క లేకుండా చేసింది నువ్వేగా. నేను స్నానం చేసొచ్చేదాకా నువ్వే దీనికి పక్క."

బస్సునిండా జనాన్ని ఎక్కించుకుని కొండ దారిలో దిగినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. సబ్బుతో కడిగాను, మళ్లీ కడిగాను. చొక్కా బొత్తాలు గుచ్చుకుంటాయేమోనని చొక్కా తీసేసి, ఉతికిన మెత్తటి దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను. మేనకోడలు గుప్పెడమ్మని నా గుండె మీద పెట్టింది. బరువే తెలియలేదు. వేడి తెలిసింది. ఊపిరి తీస్తోందో లేదో అని నా ఊపిరి ఆపి విన్నాను. తీస్తోంది.

"కదలకు మావయ్యా. నవ్వకు," అని చెప్పి స్నానానికి వెళ్లింది.

బల్ల దగ్గర ముగ్గురూ విప్పుతున్నారు. అల్లుడు కూడా సంచులు పడేసి, దూది పోగుల మీద అయస్కాంతం తిప్పుతున్నాడు. ఇంకా దానికి ఏమీ అంటుకోలేదు. మాస్టారు అటు తిరిగి ఉన్నవారల్లా మెల్లగా ఇటు తిరిగి, బుల్లి మఫ్లరు నెత్తికి చుట్టుకుని, చెవులు లాక్కుని, కోతిలా మొహం పెట్టారు. నన్ను నవ్వించాలని.

నేను పళ్లు బిగించి గోడవైపు చూస్తూ కూర్చున్నాను.