మడమలు ఆనిన రోజు

దర్జీ కొట్టులో ఆమెను అందరూ బెత్తెడక్క అనే పిలుస్తారు. మనిషి నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. బట్ట కత్తిరించే బల్ల దగ్గర నిలబడాలంటే కాళ్ళ కింద పీట ఉండాలి. మొగుడేమో ఆరడుగుల ఆజానుబాహుడు, గోడలకు రంగులేసే పెయింటరు, నిచ్చెన ఎక్కకుండానే సగం గది పూర్తి చేసేస్తాడు. ఆయన చొక్కాకి కొలతలు తీయాలంటే ఆమె కుర్చీ ఎక్కాల్సిందే. "పెళ్ళి ఫొటోలో నిన్ను దేని మీద నిలబెట్టారక్కా?" అని కొట్టులోవాళ్ళు ఏడిపిస్తే ఆమే ముందు నవ్వేది. ఆయన పేగులో గడ్డ ఉందని తేలాక ఆ ఎగతాళి మాటలు అందరూ మానేశారు.

ప్రతి మంగళవారం ఆసుపత్రికి వెళ్ళి నరంలోకి మందు ఎక్కించుకోవాలి. బస్సెక్కితే కుదుపులకి వాంతులు. ఒకసారి ఎక్కించుకున్న ఆటోవాళ్ళు రెండోసారి మొహం చాటేశారు. పోనీ ఆయన మోటార్‌సైకిలు ఉందిగా అంటే, మందు దెబ్బకి చేతులూ పాదాలూ తిమ్మిరెక్కి, బ్రేకు ఎక్కడుందో వేళ్ళకే తెలియడం లేదు. ఇక మిగిలింది ఆమె. నలభై రెండేళ్ళ వయసులో స్కూటరు కొనాలి, నేర్చుకోవాలి, ఆయన్ని పడెయ్యకుండా తీసుకెళ్ళి తీసుకురావాలి. పడెయ్యకుండా అన్నదే అసలు సంగతి. ఇప్పుడు ఎముక విరిగితే అతుక్కునే శక్తి ఆ ఒంట్లో లేదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

షోరూములో మొదటి స్కూటరు ఎక్కితే రెండు కాళ్ళూ గాల్లోనే ఉండిపోయాయి. రెండోది ఎత్తు తక్కువదే. అయినా మునివేళ్ళే తగిలాయి. ఆమె మెడలోని టేపు తీసి సీటు ముందు భాగం కొలిచింది.

"ఎత్తు తక్కువైతే సరిపోదండీ. సీటు ఇక్కడ వెడల్పు ఎక్కువ. తొడలు ఇంత విచ్చుకుంటే కాలు పొడవులో అంగుళం పోతుంది" అంది. టై కట్టుకున్న షోరూం ఆయన నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా బళ్ళు అమ్ముతున్నాడు గానీ ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేరు. ప్యాంట్లు కుట్టేదానికి ఇది వేరే ఎవరో చెప్పాలా?

మూలనున్న బూడిదరంగు బండికి సీటు ముందువైపు సన్నగా ఉంది. ఎక్కింది. పాదం సగం ఆనింది, మడమలు లేచే ఉన్నాయి. ఏం తోచిందో ఏమో, "ఏమండీ, మీరు వెనక్కాల కూర్చోండి" అంది పక్కనున్న మొగుడితో. ఆయన కూర్చోగానే బండి కిందికి దిగింది. రెండు మడమలూ నేలకి ఆనాయి.

"ఆనాయి!" అని అరిచినంత పని చేసింది.

"మేడమ్, ఒక్కరే కూర్చున్నప్పుడు ఎలా ఉందో చూసి కొనాలండీ" అన్నాడు టై ఆయన.

"ఆయన లేకుండా నాకు బండితో పనేంటండీ?"

"నా బరువు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది. తీసేసుకో" అన్నాడు భర్త.

తీసేసుకుంది. ఏ బరువు చూసుకుని కొంటోందో ఆ బరువు నిలిచేది కాదని ఆమెకు తట్టనే లేదు. రోజూ మనుషుల కొలతలు తీసే మనిషి, ఒక్క మొగుడి కొలత మాత్రం మారదనుకుంది. ఆశ అంత తెలివితక్కువది మరి.

బండి నేర్చుకున్నాక రెండు నెలలు బాగానే గడిచాయి. తర్వాత మడమలు లేవడం మొదలుపెట్టాయి. మొదట కాగితం దూరేంత, తర్వాత వేలు దూరేంత. ఆసుపత్రిలో నర్సు బరువు చూసి రాసుకోకముందే ఎంత తగ్గాడో ఆమె కాళ్ళకి తెలిసిపోయేది. ఆయన ప్యాంట్ల నడుము నాలుగుసార్లు బిగించింది. ఒక మధ్యాహ్నం బండి సీటు ఊడదీసి, కవరు కుట్లు విప్పి, లోపలి స్పాంజిని కత్తెరతో అరంగుళం తీసేసి మళ్ళీ కుట్టేసింది.

"సీటుక్కూడా పథ్యం పెట్టావన్నమాట" అని నవ్వాడు ఆయన. ఎందుకు కోసిందో ఇద్దరికీ తెలుసు.

స్పాంజి ఇంక కోయడానికి మిగల్లేదు. చెప్పులకి మందపాటి అడుగు వేయించుకుంది. అదీ చాల్లేదు. సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తే బండిని ఓ పక్కకి వంచి ఒంటి కాలి మీద ఆపేది. ఆ కాలు వణుకుతుంటే, 'ఈసారికి పడెయ్యకు దేవుడా' అనుకునేది. వచ్చేసారి సంగతి అడిగే ధైర్యం లేదు.

రక్తం బాగా తగ్గిందని, ఒంటికి విశ్రాంతి కావాలని డాక్టరమ్మ రెండు వారాలు మందు ఆపింది. మూడో మంగళవారం పొద్దున ఆమె బండి పట్టుకుంది, ఆయన మెల్లగా ఎక్కాడు. మడమలు ఆనాయి. నమ్మలేక ఒకసారి ఎత్తి మళ్ళీ దించింది. పూర్తిగా ఆనాయి.

"ఏమండీ! నాకు తెలియకుండా ఏం తింటున్నారు మీరు?"

"ఏమోనే. తినేది ఆ కాస్తే. కానీ నాలుగు రోజుల్నుంచీ ప్యాంటు బిగుతుగా ఉంది."

"ఇంటికెళ్ళగానే కుట్లు విప్పేస్తా. బిగించినవన్నీ విప్పేస్తా" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు దారి పొడుగునా ఎర్ర దీపం కోసం ఎదురుచూసింది. ఆగిన ప్రతిచోటా రెండు కాళ్ళూ దర్జాగా కింద పెట్టి, పక్కన ఆగినవాళ్ళ మొహంలోకి చూసి నవ్వింది. మందు ఆపితే మనిషి కోలుకున్నాడని, ఇక కోలుకుంటూనే ఉంటాడని, మళ్ళీ కుర్చీ ఎక్కి పెద్ద చొక్కాలకి కొలతలు తీస్తానని ఏవేవో అనుకుంది. వెనక ఆయన కూనిరాగం తీస్తున్నాడు.

"ఇవాళ పెరిగారు, చూడండి కావాలంటే" అంది నర్సుతో. నర్సు బరువు ముల్లు చూసింది. ఐదు కిలోలు ఎక్కువ. నవ్వకుండా లోపలికెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ ఆయన కాలి మీద వేలితో నొక్కింది. గుంట పడింది, పూడలేదు. పొట్ట మీద తట్టి చూసింది. తర్వాత ఆమెను పక్కకి తీసుకెళ్ళింది.

"అది కండ కాదమ్మా, నీరు. గడ్డ కడుపంతా పాకింది."

"అయితే మందు మారుస్తారా?"

"ఇక మందు లాభం లేదు. ఇప్పటికి నీరు తీసి పొట్ట బిగువు తగ్గిస్తాం. వచ్చే మంగళవారం తీసుకురానక్కర్లేదు. ఇంట్లోనే ఉంచుకుని ఆయనకి ఇష్టమైనవి పెట్టు."

సన్నటి గొట్టంలోంచి నీరు సీసాలోకి దిగుతుంటే ఆమె పక్కనే కూర్చుని చూసింది. పొద్దున తన మడమల్ని నేలకి ఆనించింది అదే. దాన్ని చూసి పొంగిపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పొద్దున నేను నవ్వానండీ" అంది.

"నేను పాట కూడా పాడాను. ఊరుకో" అన్నాడు ఆయన.

సాయంత్రం బయటికొచ్చి బండెక్కారు. ఆయన కూర్చున్నా బండి కిందికి దిగలేదు. ఆమె ఒక పక్కకి వంగింది, మునివేలు కూడా సరిగా అందలేదు. హ్యాండిల్ పట్టుకుంది గానీ స్టార్టు చెయ్యలేదు.

"పోనివ్వవే. పడితే పడతాం. ఇక ఎముకలకి భయపడేదేముంది?" అన్నాడు. డాక్టరమ్మ మాట ఆయన చెవినా పడినట్టుంది.

"నేను పడెయ్యను" అంది ఆమె. బండి మీంచి దిగింది. "మీరు ముందుకి జరగండి. కాళ్ళు కింద పలక మీద పెట్టుకోండి."

ఆయన జరిగాడు. ఆమె ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు వెనక కడ్డీ పట్టుకుని తోయడం మొదలుపెట్టింది. ఇల్లు నాలుగు కిలోమీటర్లు. ఆరడుగుల మనిషితో బండిని అంత దూరం తోయగలనా అని భయపడి, పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి తోసింది. అంత బలం అక్కర్లేకపోయింది. బండి సులువుగా కదిలిపోయింది. ఆ సులువుకే ఆమెకు ఏడుపు ఆగలేదు.