కింద పెట్టిన కప్పు

మా ఆయన ధైఫుల్లా మొండివాడని కరక్ ఊరంతటికీ తెలుసు. ఎనికో అనే పదిహేడేళ్ల హంగేరీ పిల్ల మా ఇంట్లో ఏడాది ఉండి చదువుకుంటుందని తెలిసినప్పుడు, "పరాయి పిల్ల పరాయి పిల్లే, కాస్త దూరంగా ఉంచు," అని నాకు పాఠం చెప్పాడు. పిల్లల్లేని ఇల్లు మాది. దూరంగా ఉంచడం నాకు చేతకాదని ఆయనకు తెలుసు. ఆయనకూ చేతకాదని నాకు తెలుసు.

మొదటిరోజు తనే యాలకుల కాఫీ పోసిచ్చాడు. పిల్ల వాసన చూసి, కప్పు కింద పెట్టేసింది. మాలో వచ్చినవాళ్లు కాఫీ ముట్టకుండా పెట్టారంటే ఏదో కోరి వచ్చారని అర్థం. "నీ కాఫీ తాగు" అన్నామంటే ఆ కోరిక తీరుస్తామని మాటిచ్చినట్టే. ఇక వెనక్కి పోవడానికి లేదు.

మా ఆయన గుండెమీద చెయ్యి వేసుకుని, "అడుగు తల్లీ, ఏం కావాలి?" అన్నాడు.

పిల్ల బిక్కమొహం వేసింది. చివరికి, "చక్కెర," అంది.

మా కాఫీలో చక్కెర! మా ఆయన తాత వింటే సమాధిలోంచి లేచొచ్చేవాడు. ఈయన మాత్రం తనే వంటింట్లోకి వెళ్లి డబ్బా తెచ్చి, "ఇచ్చాను. నీ కాఫీ తాగు," అన్నాడు.

ఆ కిటుకు తెలిశాక పిల్ల మమ్మల్ని ఆడించింది. ట్రక్కు నడపడం నేర్పమని కప్పు కింద పెట్టింది. బక్రీదుకని తెచ్చిన గొర్రెను కోయకుండా వదిలేయమని కూడా పెట్టింది.

"అది పండక్కి తెచ్చిందే!" అన్నాడాయన.

"అయితే నేను తాగను బాబాయ్."

"తాగవే రాక్షసీ, తాగు!"

ఆ పండక్కి పక్కింటివాళ్లు పంపిన మాంసం తిన్నాం.

తర్వాత కొన్నాళ్లకే సరిహద్దుకు అవతల బాంబులు పడ్డాయి. హంగేరీ ప్రభుత్వం తమ పిల్లలందరినీ వెనక్కి పిలిచింది. రాజధాని అమ్మాన్‌లో, పిల్లను మా ఇంటికి పంపిన ఆఫీసు దాకా మేమే తీసుకెళ్లాం. అక్కడి విదేశీ మేడం మాకు పేపరు కప్పుల్లో కాఫీ ఇప్పించింది. మా ఆయన తన కప్పు ముట్టకుండా బల్లమీద పెట్టి కూర్చున్నాడు.

"కాఫీ బాగాలేదా?" అంది మేడం. "టీ తెప్పించనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మన పద్ధతులు ఆవిడకేం తెలుసయ్యా? లే," అన్నాను.

లేవలేదు. బయట వ్యాను హారన్ కొడుతోంది. ఎనికో వచ్చి ఆయన ముందు నేలమీద కూర్చుంది. కప్పు తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

"బాబాయ్, మీ కాఫీ తాగండి," అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. చల్లారిన కాఫీని గటగటా తాగేశాడు. ఇంటికొచ్చే దారంతా ఒకటే మాట: "వస్తుందే. మాటిచ్చింది."

ఈ ఏడు ఇంకో పిల్లను పంపుతామంటే, "గది ఖాళీ లేదు," అనేశాడు. గొర్రె ఈనింది కూడా. కాఫీ పళ్లెంలో చక్కెర డబ్బా అలాగే ఉంది. ఎనికో ఫోన్ చేసినప్పుడు ఎప్పుడొస్తావని మాత్రం అడగడు. మాటిచ్చినవాళ్లను తొందరపెట్టకూడదట.

నిన్న ఫోనొస్తే ఉండబట్టలేక నేనే అడిగేశాను. "అర్థం తెలిసే అన్నావా ఆ మాట?"

"తెలుసు పిన్నీ."

"మరి వస్తావా?"

పిల్ల ఏడ్చేసింది. "మీ దేశం పేరెత్తితేనే అమ్మ భయంతో పడిపోతుంది పిన్నీ. నన్నిక పంపదు. నాకు అప్పుడే తెలుసు. కానీ బాబాయ్ కప్పు ముట్టకుండా కూర్చున్నారు. ఇంకేమనను?"

నాకు కోపం రావాల్సింది. రాలేదు. నా కడుపున పుట్టిన పిల్లయినా అంత ప్రేమగా అబద్ధమాడేది కాదు. గుండె రెండు ముక్కలైంది.

పెరట్లో గొర్రెకు మేత వేస్తూ ఆయన కేకేశాడు. "ఏమంటోంది పిల్ల?"

కళ్లు తుడుచుకున్నాను. "బాబాయ్ కాఫీ తాగారా అని అడుగుతోంది."

"తాగానని చెప్పు," అన్నాడు. "చుక్క మిగల్చకుండా తాగానని చెప్పు."