తనకోసం చెయ్యెత్తని మనిషి

మా ఆయన త్రేస్ మోలినోస్ క్లబ్బులో అడుగు పెట్టగానే "వచ్చాడ్రా మన బాయిలర్!" అని అరుస్తారు. ముద్దుకే అరుస్తారు లెండి. ఈయన ఒక ఏడాది కొర్రియెంతెస్ బాస్కెట్‌బాల్ జట్టుకి ఆడినందుకు ఆ ఊరివాళ్ళు ఈ క్లబ్బు స్నానాల గదికి బాయిలర్ కొనిచ్చారు. సాల్తాకి ఆడితే కోర్టుకి చెక్క నేల వచ్చింది. కొంకోర్దియాకి ఆడితే స్కోరు బోర్డు వచ్చింది. క్యాంటీన్‌లో ఎర్ర కుర్చీలున్నాయే, అవి మా అమ్మాయి అబ్రిల్ పుట్టిన ఏడాదివి. సాన్ లూయిస్ ఆస్పత్రిలో నేను నొప్పులు పడుతుంటే ఈయన ఆ ఊరి కోర్టులో ఆ కుర్చీల కోసం గెంతుతున్నాడు. నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం వాటిలో కూర్చుంటే ఒళ్ళు మండుతుంది.

నా పేరు యానినా. మాది ఉత్తరాన చాకో. మా ఊరి జట్టుకి ఈయన్ని అరువిచ్చినప్పుడు బదులుగా క్లబ్బు పిల్లల బస్సుకి టైర్లు పుచ్చుకున్నారు. టైర్లు క్లబ్బుకి దక్కాయి, నేను ఈయనకి దక్కాను. ఎవరికి లాభమో ఇంకా తేలలేదు.

ఈయన పేరు నసరేనో. నేను నసా అంటాను. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు, ముప్ఫై అయిదేళ్ళ వయసు, నోట్లో నాలుక లేదు. కోర్టులోనూ అంతే, బంతి ఇవ్వమని ఒక్కనాడూ అడగడు. రింగు కింద మోచేతి దెబ్బలన్నీ తిని, గురితప్పి వెనక్కొచ్చిన బంతిని పట్టుకుని, జట్టులో చిన్నవాడెవడో వాడి చేతిలో పెట్టి పక్కకి తప్పుకుంటాడు. చప్పట్లు ఆ చిన్నవాడికి, ఐసు ముక్కలు ఈయన మోకాలికి. ఇలాంటివాణ్ణి ఏ కోచ్ అయినా నెత్తిన పెట్టుకుంటాడు. కానీ ఏడాదే. ఆపైన ఉంచుకోవాలంటే ఈయన పాసు, అంటే ఆటగాడి మీద క్లబ్బుకుండే హక్కు కాగితం, వాళ్ళ పేరు మీదకి మారాలి. ఆ పాసు బాహియా బ్లాంకాలో, ఈయన ఆట నేర్చుకున్న త్రేస్ మోలినోస్ దగ్గరే ఉంది. అది వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం వాళ్ళు ఏ ఊరికి పొమ్మంటే ఆ ఊరికి పోవాలి. మేం పోతూనే ఉన్నాం. అబ్రిల్‌కి తొమ్మిదేళ్ళు. ఎక్కడా ఒక బళ్ళో రెండుసార్లు పుట్టినరోజు చేసుకోలేదు.

వదిలెయ్యమని అడగొచ్చు కదా అంటారు. నేనూ అదే అన్నాను, పెళ్ళయిన మర్నాటి నుంచీ అంటున్నాను. కానీ క్లబ్బు ప్రెసిడెంటు దొన్ ఇతాలో ఉన్నాడే, ఆయనొక మంచి మనిషి. అదే మా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టిపోసి వచ్చేవాళ్ళం. తండ్రి లేని పిల్లాణ్ణి రైలు పట్టాల పక్కనుంచి తీసుకొచ్చి, తన ఇంట్లో అన్నం పెట్టి, పాదం పెరిగినప్పుడల్లా బూట్లు కొనిచ్చి, ఆట నేర్పాడు. ఇప్పటికీ మేం రాగానే నసాని ముందు కౌగిలించుకుని తర్వాత పాదాలకేసి చూస్తాడు, బూట్లు సరిపోతున్నాయా అన్నట్టు. అలాంటాయన్ని పాసు ఇచ్చెయ్యమని అడగడానికి నసాకి నోరు రాదు.

ఈ ఏడాది దక్షిణాన ట్రెలెవ్‌కి ఆడాడు. గాలి ఊరు, చలి ఊరు, అయినా నాకు నచ్చింది. అబ్రిల్‌కి ఒక ప్రాణస్నేహితురాలు దొరికింది. ఆ ఏటి ఆటలన్నీ ముగిశాక అక్కడి కోచ్ మా ఇంటికొచ్చి మాతే టీ తాగుతూ అన్నాడు.

"నసా, నీకు ఇంకో రెండేళ్ళ ఆట ఉంది. ఆ తర్వాత చిన్నపిల్లల జట్టుకి నువ్వే కోచ్‌వి. ఇక్కడే ఉండిపో. కాకపోతే పాసు తెచ్చుకో. మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, మీవాళ్ళు ఊరికే వదలాలి."

"అడుగుతాను" అన్నాడు నసా.

"అడుగుతావా? ఒట్టెయ్యి" అన్నాను. అబ్రిల్ నెత్తి మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు.

జులైలో, మా దేశంలో నిండు చలికాలంలో, బాహియాకొచ్చాం. ఏటా ఆ నెలలో క్లబ్బు సభ జరుగుతుంది. ముందు నిప్పుల మీద మాంసం, తర్వాత మాటలు. ఆ పొద్దున నసా అద్దం ముందు నిలబడి "దొన్ ఇతాలో, నన్ను వదిలెయ్యండి" అని చెప్పుకుంటున్నాడు.

"వదిలెయ్యండి అంటే ఏడుస్తాడు. పాసు ఇవ్వండి అను" అన్నాను.

"పాసు ఇవ్వండి."

"గట్టిగా! గొంతులో ఎముక అడ్డుపడ్డట్టు అంటావేంటి?"

క్లబ్బులో పిల్లలు కోర్టంతా ఉరుకుతున్నారు. నోట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి, అంత చలి లోపల. అబ్రిల్ కోటు విప్పకుండానే వాళ్ళలో కలిసిపోయింది. క్యాంటీన్ నడిపే చోలా నసాని చూసి గరిటె ఊపింది.

"రావయ్యా బాయిలరూ! ఇక్కడ పిల్లలు గడ్డకట్టి చస్తున్నారు. ఈసారి మాకు హీటర్లు తేవాలి నువ్వు."

సరదాకి అందేమో అనుకున్నాను. కాదు. మాంసం తిన్నాక దొన్ ఇతాలో లేచి నిలబడి, ఒక చెయ్యి నసా భుజం మీద వేసి చెప్పాడు.

"శుభవార్త. ఫార్మోసా వాళ్ళు ఫోన్ చేశారు. మన నసరేనోని ఒక్క ఏడాదికి అడుగుతున్నారు. బదులుగా ఈ కోర్టుకి గ్యాస్ హీటర్లు, పైపులతో సహా, వాళ్ళే వచ్చి బిగిస్తారు."

చప్పట్లు. పిల్లలు కూడా ఆట ఆపి చప్పట్లు కొట్టారు. ఫార్మోసా అంటే దేశానికి ఉత్తరాన ఆ చివర, ఎండల ఊరు. ట్రెలెవ్ నుంచి అక్కడికి బస్సులో పోతే వేసుకున్న కోటు విప్పి చొక్కా కూడా విప్పాలి.

నేను బల్ల కింద నసా కాలు తొక్కాను. ఇంకోసారి తొక్కాను. లేచాడు. ఆ మనిషి లేస్తే ఎలాగూ అందరూ చూస్తారు.

"దొన్ ఇతాలో" అన్నాడు. "నాకు... ట్రెలెవ్‌లో ఉండాలనుంది. పాసు ఇమ్మని అడుగుతున్నాను."

అడిగాడు! మా ఆయన అడిగాడు! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన కూర్చుని కాసేపు గ్లాసుకేసి చూశాడు.

"ఎప్పుడూ ఏమీ అడగలేదు వీడు" అన్నాడు. "సభలోనే తేలుద్దాం."

ఇక మొదలైంది. రూబెన్ అని ఒకాయనున్నాడు, బేకరీ నడుపుతాడు, మనవలిద్దరూ ఇక్కడే ఆడతారు. "నసా, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఈ ఒక్క ఏడాదీ వెళ్ళిరా. హీటర్లు రానీ. ఆ తర్వాత పాసు నేనే నీ ఇంటికి తెచ్చిస్తాను" అన్నాడు.

"చెక్క నేలప్పుడూ ఇదే మాటన్నావు" అన్నాను. ఊరుకోలేకపోయాను.

"అప్పుడు చలి లేదమ్మాయ్" అన్నాడు. సిగ్గులేని సమాధానం. కొందరు నవ్వారు.

చోలా గరిటె బల్లమీద కొట్టింది. "నవ్వకండి. నేనేదో వాగాను ఇందాక. వీడి రెక్కల కష్టంతోనే కదా మనం వేణ్ణీళ్ళ స్నానం చేస్తున్నది. ఇంకెంత పిండుతారు? వదలండి" అంది. ఆమె మాటకి చాలా తలలు ఊగాయి. అన్నీ ఊగలేదు.

చేతులెత్తమన్నారు. వదిలెయ్యాలనేవాళ్ళు పదిహేడు. ఫార్మోసాకి పంపాలనేవాళ్ళు పదిహేడు. మళ్ళీ లెక్కపెట్టారు, మళ్ళీ అంతే. సమానమైతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పాసు కదలదు. ప్రెసిడెంటుకి ఓటు లేదు. నేను మెంబర్ని కాను.

నసా మెంబరు. చిన్నప్పటి నుంచీ మెంబరు. ఆయన చెయ్యి ఇటూ లేవలేదు, అటూ లేవలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. త్రేస్ మోలినోస్‌లో తన సంగతి తేలుస్తున్నప్పుడు ఎవడూ తనకోసం చెయ్యెత్తడు. రూల్సులో ఎక్కడా లేదు. కానీ ఎత్తినవాడి గురించి జీవితాంతం చులకనగా చెప్పుకుంటారు. చోలాకి క్యాంటీన్ ఇవ్వాలా వద్దా అని తేల్చినప్పుడు ఆవిడ చేతులు ఏప్రాన్‌లో దోపుకుని నిలబడింది. తనని ఎన్నుకునేటప్పుడు దొన్ ఇతాలో గోడవైపు తిరిగి నిలబడతాడు. ఈ పిల్లలకి బంతి ఎలా పట్టాలో నేర్పేముందు ఇది నేర్పుతారు. మా చాకోలో అయితే రెండు చేతులూ ఎత్తేవాళ్ళం.

పెద్దాయన నసాకేసి చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు బాగా తెలిసింది. ఆయనా ఎదురుచూస్తున్నాడు.

"నసరేనో, నువ్వూ మెంబరువే" అన్నాడు మెల్లగా. "రూల్సు ఒప్పుకుంటాయి. ఎత్తు నాయనా. ఎవడేమన్నా నేను చూసుకుంటాను."

నేను నసా పక్కనే కూర్చున్నాను. ఆ చేతులు బల్ల మీద ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరి జట్ల కోసమో, ఎవరెవరి కుర్చీల కోసమో గాల్లోకి లేచిన చేతులు. ఒక జానెడు. ఒక్క జానెడు లేస్తే చాలు, మాకొక ఊరు ఉంటుంది. అబ్రిల్‌కి ఆ స్నేహితురాలుంటుంది. "నసా" అన్నాను. "నసా, ఎత్తు." కోర్టులో ఎవడో పిల్లాడు దగ్గాడు. నసా తల అటు తిరిగింది.

రెండు చేతులూ బల్ల కిందకి తీసి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో నాకే తెలీదు, కోపమే ఎత్తించింది. నిలబడి మరీ ఎత్తాను.

"అమ్మాయ్, నువ్వు మెంబరువి కావు కదా" అన్నాడు రూబెన్.

"తెలుసు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చోలా మొహం తిప్పేసుకుంది. చాలాసేపు అలాగే నిలబడ్డాను. భుజం నొప్పి పుట్టింది. చివరికి దొన్ ఇతాలో "దించమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. మాట మాత్రం మారలేదు. సమానం, పాసు క్లబ్బు దగ్గరే, ఫార్మోసా వాళ్ళకి సరేనని చెప్పెయ్యండి. అందరూ లేచి వరసకట్టి నసాని కౌగిలించుకున్నారు. వదిలెయ్యమన్నవాళ్ళూ, పంపమన్నవాళ్ళూ అందరూ ఒకేలా కౌగిలించుకున్నారు. పంపమన్నవాళ్ళే ఎక్కువ గట్టిగా.

బయట వరండాలోకి లాక్కెళ్ళాను.

"ఎందుకెత్తలేదు?"

"లేవలేదు యానీ."

"పక్షవాతమా నీకు? పెద్దాయనే ఎత్తమన్నాడు కదా! అబ్రిల్ నెత్తి మీద ఒట్టేశావు కదా!"

"అడుగుతానని ఒట్టేశాను. అడిగాను. ఎత్తితే ఇక్కడికి మళ్ళీ మొహం చూపించలేను. నాకున్న చోటల్లా ఇదొక్కటే" అన్నాడు.

"మేమో?" అన్నాను. "మేం ఏ చోటు నీకు?"

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

ఇంతలో అబ్రిల్ పరిగెత్తుకొచ్చింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఎవరో ఇచ్చిన రొట్టె ముక్క ఉంది. ట్రెలెవ్ ఉందా లేదా అని అడుగుతుందనుకుని నేను నసాకేసి చూశాను. నువ్వే చెప్పు, నేను చెప్పను అన్నట్టు. నసా మోకాళ్ళ మీద కూర్చున్నాడు, కూతురి మొహానికి తన మొహం ఎదురుగా వచ్చేలా.

అది తండ్రి మొహం చూసింది. నా మొహం చూసింది. ఏడవలేదు. రొట్టె కొరికి, నములుతూ అడిగింది.

"ఈసారి మనల్ని దేనికిచ్చారు?"