కొలను గట్టున మిగిలినవాళ్ళు

ఇక చేయగల వైద్యమేమీ లేదని డాక్టరు ఆ ఉదయమే తేల్చి చెప్పాడు. ఆ మాట చెల్లెలితో అనడానికి నోరు రాక, చిత్రకళా చరిత్ర బోధించే అక్క మంచం పక్కన కూర్చుని బొమ్మల కట్ట విప్పింది. నయమవుతుందని రోగులెందరో కాచుకుని పడి ఉన్న కొలను గట్టున, ముప్పై ఎనిమిదేళ్ళుగా లేవలేనివాణ్ణి ఒకణ్ణి ఏసు లేపి నడిపించిన ఘట్టాన్ని శతాబ్దాలుగా కళాకారులు ఎలా చిత్రించారన్నది ఆమె రాస్తున్న పుస్తకం. నడుము కింద చచ్చుబడి ఎనిమిదేళ్ళుగా పడుకునే ఉన్న చెల్లెలే ఆ బొమ్మలకు వరస కట్టేది.

"పాత బొమ్మలో వీడొక్కడే. మంచం వీపునేసుకుని అద్దిల్లు మారుతున్నట్టు పోతున్నాడు," అని నవ్వింది చెల్లెలు. "రాను రాను ఈ జనమేంటక్కా, సంతలాగా?"

"తొలినాటి శిల్పులకు ఒక గుర్తు చాలింది. తర్వాతివాళ్ళకు దేహాన్ని ఉన్నదున్నట్టు గీయడం పట్టుబడింది. పట్టుబడేకొద్దీ రోగులను పెంచుకుంటూ పోయారు."

"మరి లేచినవాళ్ళు?"

"ఒక్కడే. కథలో అంతే కదా," అని పాఠం చెప్పే ధోరణిలో అనేసి, అక్క నాలుక కరుచుకుంది.

చెల్లెలు జనం నిండిన బొమ్మను చేతిలోకి తీసుకుని, గట్టున పడి ఉన్న గుంపును చూసింది.

"డాక్టరు ఏమన్నాడో చెప్పకులే. పొద్దుట్నుంచి తుడిచిన కళ్ళద్దాలే తుడుస్తున్నావు. లేచి నడిచిన ఆ ఒక్కణ్ణి నీ పుస్తకంలో పెట్టుకో. నా ఎదురుగోడకి వీళ్ళని అంటించు."

అంతకన్నా చేయగలిగింది కనబడక, అక్క లేచి అంటించింది.