ఉల్లంకి మడుగులో బర్రె గంట

నేను ఒక కంచు గంటను. నన్ను పోతపోసిన కంచరి చెవి దగ్గర ఆడించి విని, సంతలో ఓ బండివాడికి అమ్మాడు. వాడి ఎద్దు పోయాక నెల్లూరు వైపు చెంగమ్మ చేతికొచ్చాను. ఆమె నన్ను తన కర్రి బర్రె మెడలో కట్టింది. అది యాడ మేస్తున్నా నా చప్పుడుతో ఆమెకు తెలిసిపోవాలి. నమ్మకం లేని చోటే మనుషులు గంట కడతారు.

చెంగమ్మ బర్రెల్ని మేపేది ఉల్లంకి మడుగులో. చలికాలం రాగానే ఎక్కడెక్కడి నుంచో పొడుగు ముక్కు ఉల్లంకి పిట్టలు ఆ బురదలో వాలేవి. వాటి మేలు కోరి అధికారులు మడుగు చుట్టూ కంచె వేసి, బర్రెల్ని రానివ్వలేదు. కాపలాకి మస్తానయ్య అనే అటవీ ఉద్యోగిని పెట్టారు.

మేసే బర్రెలు లేక జమ్ము గడ్డి మనిషెత్తు పెరిగి బురదని కప్పేసింది. పిట్టలు రావడం మానేశాయి.

చెంగమ్మ వలలు పన్నుతోందని మస్తానయ్య అనుమానం. మడుగుని రొయ్యల గుంటలకి ఇచ్చేయాలని అతనే పిట్టల్ని తరిమేశాడని చెంగమ్మ అనుమానం. గట్టు మీద ఎదురైతే ఒకరి సంచి వంక ఒకరు చూసుకునేవారు.

ఆ ఏడు వానల్లేవు. ఇంట్లో గడ్డిపోచ మిగల్లేదు. చెంగమ్మ నా నోట్లో గుడ్డ కుక్కి, కంచె సందులోంచి బర్రెని లోపలికి తోలింది. రోజూ పొద్దున్నే అదే పని. చలికాలం వచ్చాక ఒకనాడు గుడ్డ జారింది. నేను గణగణమన్నాను.

మస్తానయ్య పరుగెత్తుకొచ్చాడు. "దొరికావు! వలేది? సంచి చూపించు!"

సంచిలో సద్దన్నం, ఉల్లిపాయ.

"వలేంది సార్? బర్రెకి మేత ల్యా. నీ సంచిలో ఏముందో నువ్వు చూపించు ముందు!"

అతను పలుపు లాక్కుని బర్రెని బయటికి మళ్లించాడు. జమ్ము దాటగానే ఆగిపోయాడు. ఇన్నాళ్లూ కర్రి మేసి తొక్కిన చోట పలచటి నీళ్లు, మెత్తటి బురద. దాన్నిండా ఉల్లంకి పిట్టలు.



"ఎన్నాళ్ల నుంచి మేపుతున్నావు?"

చెంగమ్మ అతని చేతిలోంచి పలుపు తీసుకుంది.

"చెప్పు, కేసు పెట్టనులే."

"అందరూ అట్నే అంటారు సార్."

బర్రెల్ని మడుగులోకి రానివ్వాలని మస్తానయ్య పైవాళ్లతో తగువుపడ్డాడు. మరుసటేడు పిట్టలు రాకముందే తానే కంచె విప్పి, "తోలుకురా" అన్నాడు. చెంగమ్మ కదల్లేదు.

"ముందు నువ్వు నడువు సార్."

అతను ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు. వెనక మేము.

ఇప్పుడు కర్రి లేదు. నేను చెంగమ్మ పాక చూరుకి వేలాడుతున్నాను. చలికాలం పొద్దుల్లో ఇక్కడి నుంచి మడుగు గట్టు కనిపిస్తుంది. వాళ్లిద్దరూ అక్కడ కూర్చుని పిట్టల్ని చూస్తుంటారు, కాస్త ఎడంగానే.